నూట ఎనభై రూపాయల క్లోరిన్ చుక్కలు: మా వీధి చివరి పంపులో ఏం తేలిందంటే

మాది తెనాలి దగ్గర చిన్న ఊరు. రామాలయం వెనక వీధిలో పొద్దునపూట టిఫిన్లు వేస్తాను. రోజుకు పది బిందెల నీళ్లు వాడతాను. పిండిలో, సాంబారులో పోసినవి ఎలాగూ ఉడుకుతాయి. పచ్చడిలో పోసినవి ఉడకవు. ఈ ఒక్క సంగతి నా బుర్రకు ఎక్కడానికి ఒక జబ్బుల సీజను గడవాల్సి వచ్చింది. పంపునీళ్లలో క్లోరిన్ మిగిలిందో లేదో చుక్కలు వేసి చూసే కిట్టు కొన్నది ఆ తర్వాతే, దాని గురించే ఇది రాస్తున్నాను.

పోయిన శ్రావణంలో వానలు పడ్డ వారానికి మా వీధిలో నాలుగు రోజుల్లో తొమ్మిది మందికి వాంతులు, విరేచనాలు. అందులో నాలుగేళ్ల మా మనవడు ఒకడు. రెండు రోజులు ఓఆర్ఎస్ తాగించాం, నిలవలేదు, తెనాలి తీసుకెళ్లి సెలైన్ పెట్టించాం. మొక్కజొన్న పొత్తులు తిన్నారని కొందరు, ఈగలని కొందరు అన్నారు. నా పచ్చడి వల్లేనని పక్కింటి వదిన అందట. ఆ మాట విన్నాక నాకు రాత్రిళ్లు నిద్ర లేదు. బండి ఆపేసి ముందు నీళ్ల సంగతి తేల్చుకోవాలనుకున్నాను.

ముందుగా విజయవాడలో ఉన్న మా అల్లుడు టీడీఎస్ మీటరు పంపించాడు. పెన్నులా ఉంటుంది, గ్లాసులో ముంచితే లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని అంకె వస్తుంది. కొన్న నీళ్ల టిన్నులో 48, పంచాయతీ పంపులో 310, మా పెరట్లో బోరులో 1,240 చూపించింది. మన దేశ ప్రమాణం ప్రకారం 500 లోపు ఉంటే మంచిది, వేరే దిక్కు లేకపోతే 2,000 దాకా పరవాలేదు. మాకు వచ్చేది కాలువ నీళ్లతో నింపే చెరువు నీరు కాబట్టి ఉప్పదనం తక్కువే. 310 చూసి హమ్మయ్య అనుకున్నాను. బండి మళ్లీ పెట్టాను, పచ్చడిలో ఆ నీళ్లే పోశాను. ఇప్పుడు తలుచుకుంటే గుండె దడదడలాడుతుంది.

క్లోరిన్ మాత్రలు పంచడానికి వచ్చిన ఏఎన్ఎం అమ్మాయి ఆ మీటరు చూసి, "అత్తా, ఇది నీళ్లలో కరిగిన ఉప్పులను చెబుతుంది, క్రిములను చెప్పదు" అంది. నమ్మబుద్ధి కాలేదు. ఆమె ఎదురుగానే గ్లాసుడు పంపునీళ్లలో ఒక చెంచాడు సైడుకాలవ నీళ్లు కలిపి మీటరు పెట్టాను. 310 కాస్తా 325 అయింది. అంతే. ఆ గ్లాసు తాగితే ఏమవుతుందో పసివాడికి కూడా తెలుసు, మీటరుకు మాత్రం తెలియలేదు. బోరు నీళ్లు ఎంత ఉప్పగా ఉన్నాయో చూసుకోవడానికి అది మంచి వస్తువే, నేను పారేయలేదు. కానీ అంకె తగ్గిందని చూపించి "ఇవి సేఫ్" అని నీళ్లు అమ్మేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది.

ఆ అమ్మాయి చెప్పాకే ఈ క్లోరిన్ కిట్టు కొన్నాను. సబ్బుపెట్టె అంత ఉంటుంది. లోపల ఒక పలకల గొట్టం, దాని పక్కన లేత పసుపు నుంచి ముదురు పసుపు దాకా రంగులు, వాటి పక్కన అంకెలు, ఆర్థోటొలిడిన్ అనే మందు ఉన్న చుక్కల సీసా. గీత దాకా నీళ్లు పట్టి, చెప్పినన్ని చుక్కలు వేసి, మూతపెట్టి ఊపి, వెంటనే రంగు పోల్చుకోవాలి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మన ఇంటి పంపు దగ్గరికి వచ్చేసరికి మిగిలి ఉండాలని ఐఎస్ 10500 అనే మన దేశ తాగునీటి ప్రమాణం. ట్యాంకులో బ్లీచింగ్ వేస్తే సరిపోదు, దారిలో కలిసే మురికిని చంపడానికి కొంత మిగలాలి. ఏమీ మిగల్లేదంటే మధ్యలో ఏదో దాన్ని తినేసిందని.

పొద్దున ఆరింటికి నీళ్లు వదిలే టైముకి గొట్టం పట్టుకుని బయలుదేరాను. ట్యాంకు కింద పంపులో 0.5 కంటే కొంచెం ముదురు. రామాలయం మలుపులో 0.2. మా వీధి చివరి పంపులో ఏ రంగూ లేదు, తెల్లగా ఉండిపోయాయి. మూడు రోజులు చూశాను, మూడు రోజులూ అంతే.

నీళ్లు వదిలే బాబాయిని అడిగితే, "పొద్దున్నే బ్లీచింగ్ వేశానమ్మాయ్, ట్యాంకెక్కి చూడు, వాసన వస్తుంది" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు, ట్యాంకు కింద రంగు వచ్చింది కదా. మూడు చోట్లా ఆయన చేతే చుక్కలు వేయించాను. చివరి పంపు దగ్గర గొట్టం చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇద్దరం లైను వెంబడి నడిచాం.

ఆ లైను నేను కాపురానికి వచ్చేనాటికే ఉంది. సిమెంటు పైపు, జాయింట్ల దగ్గర రబ్బరు రింగులు. కల్వర్టు దగ్గర సైడుకాలవ పక్కనే పోతుంది, పైనుంచి వడ్ల ట్రాక్టర్లు తిరుగుతాయి. వాల్వు గుంత నిండా మురుగు. మాకు నీళ్లు పొద్దున గంట, సాయంత్రం గంట వస్తాయి. మిగతా ఇరవై రెండు గంటలు పైపులో ఒత్తిడి ఉండదు. నీళ్లు ఆగాక పైపు ఖాళీ అవుతూ పగులు ఉన్నచోట చుట్టుపక్కల మురుగును లోపలికి పీలుస్తుంది. దానికి తోడు పంపుకే మోటారు తగిలించి లాగే ఇళ్లు మా వీధిలో ఐదున్నాయి. మోటారు లాగే కొద్దీ మురుగు ఇంకా లోపలికి వస్తుంది. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేటలో తాగునీళ్లలో మురుగు కలిసి, అతిసారంతో ప్రాణాలు పోయాయి. అప్పుడు టీవీలో చూసి అయ్యో అనుకున్నాను. ఆ పైపులాంటిదే మా గుమ్మం ముందు కూడా ఉందని అనుకోలేదు.

పంచాయతీ వాళ్లు తవ్వడానికి మూడు వారాలు పట్టింది. అన్ని రోజులు ఎందుకని నేనూ, వీధిలో ఆడవాళ్లమూ రెండుసార్లు వెళ్లి అడిగాం. తవ్వితే రెండు జాయింట్ల దగ్గర రబ్బరు కుళ్లిపోయి ఉంది. సైడుకాలవ మధ్యలోంచి ఒక ఇంటికి వెళ్లే ఇనప పైపు తుప్పుకి చిల్లులు పడింది. దాన్ని కోసి చూపిస్తే, లోపల తుప్పు గట్టిపడి నా చిటికెన వేలు కూడా దూరలేదు. ఆ ముక్క వరకు తీసేసి పీవీసీ వేశారు. మర్నాటి నుంచి మా చివరి పంపులో మొదటి రెండు బిందెలు పోయాక 0.2 రంగు వస్తోంది.

నల్లగా మారే సీసా అని ఇంకోటి దొరుకుతుంది, హెచ్2ఎస్ టెస్టు అంటారు. గీత దాకా నీళ్లు పోసి వెచ్చని చోట ఒకటి రెండు రోజులు ఉంచాలి. మలం కలిసిన నీళ్లయితే నల్లబడుతుంది. తవ్వక ముందు పట్టిన సీసా మర్నాటికే బొగ్గులా అయింది. బాగుచేశాక పట్టింది రెండు రోజులైనా రంగు మారలేదు. నల్లబడిన సీసాలో బ్లీచింగ్ నీళ్లు పోసి కొంతసేపు ఉంచి పారబోయాలి, పిల్లల చేతికి ఇవ్వకూడదు.

ఇక క్లోరిన్ కిట్టులో లోపాలు. వాడే పద్ధతి మొత్తం ఇంగ్లీషులోనే ఉంది, ఏఎన్ఎం అమ్మాయి చదివి చెప్పింది. ఎండలో పెడితే చుక్కలు పాడవుతాయి. నేను కిటికీ గట్టు మీద పెట్టిన మొదటి సీసా నెలన్నరకే పనికిరాకుండా పోయింది. బల్బు వెలుతురులో చూస్తే లేని పసుపు ఉన్నట్టు కనిపిస్తుంది, పగటి వెలుగులో తెల్ల కాగితం వెనక పెట్టి చూడాలి. నీళ్లలో ఇనుము ఎక్కువున్నా రంగు తప్పుగా రావచ్చు. ఆ మందు విషం, చేతికి అంటితే కడుక్కోవాలి, పరీక్ష చేసిన నీళ్లను తిరిగి బిందెలో పోయకూడదు. గులాబీ రంగు వచ్చే డీపీడీ కిట్టు ఇంకా కచ్చితంగా చెబుతుంది, కానీ ధర ఎక్కువ. ఫ్లోరైడు, నైట్రేటు లాంటివి ఈ క్లోరిన్ కిట్టు చెప్పదు, వాటికి నీళ్లు ల్యాబుకు పంపాలి. ఇన్ని ఉన్నా ఐదుకు నాలుగు ఇస్తాను.

టిన్ను నీళ్లలో కూడా చుక్కలు వేశాను. రంగు రాలేదు. టిన్నులో వచ్చేవి ఆర్ఓ ఫిల్టరు నీళ్లు, వాటిలో క్లోరిన్ మిగలదు కాబట్టి అది తప్పు కాదు. కానీ ఆ టిన్ను సరిగ్గా కడక్కపోయినా, మనం చెయ్యి పెట్టి గ్లాసు ముంచినా ఆ నీళ్లకు ఏ కాపలా ఉండదు. నా బండి దగ్గర ఇప్పుడు టిన్నుకు కుళాయి పెట్టాను. పచ్చడికి ముందురోజు రాత్రే తెర్లించి, మూతపెట్టి చల్లార్చిన నీళ్లు వాడుతున్నాను. గ్యాసు కొంచెం ఎక్కువవుతుంది, అవనీ.

కొనలేనివాళ్లు పంచాయతీలో అడగండి. జల్ జీవన్ మిషన్ అనే కేంద్ర ప్రభుత్వ తాగునీటి పథకం కింద ప్రతి ఊళ్లో ఐదుగురు ఆడవాళ్లకు ఇలాంటి కిట్లు వాడడం నేర్పించాలని ఉంది. మా ఊళ్లో ఆ పెట్టె బీరువాలో ఉందని మేం అడిగాకే తెలిసింది.

కల్వర్టు అవతల పాత సిమెంటు పైపు ఇంకా అలాగే ఉంది. పోయిన ఆదివారం పక్కింటి వదినా నేనూ కలిసి అక్కడి చివరి పంపు నీళ్లు పట్టాం. రంగు రాలేదు. తేదీ, టైము, మూడు పంపుల్లో వచ్చిన రంగులు కాగితం మీద రాసి, ఆ వీధివాళ్ల సంతకాలతో పంచాయతీలో ఇచ్చాం. బాగయ్యేదాకా తాగే నీళ్లు కాచుకోమని ఆ ఇళ్లన్నిటికీ వెళ్లి చెప్పి వచ్చాం.