మిషిగన్ 2023 సీజన్: స్టేడియంలో ఏడు శనివారాలు

మిషిగన్ రాష్ట్రంలోని కాంటన్‌లో ఇల్లు కొనుక్కుని ఎనిమిదేళ్లయినా, పాతిక నిమిషాల దూరంలో ఉన్న యాన్ ఆర్బర్ స్టేడియంలో 2023 వరకు అడుగు పెట్టలేదు. శనివారం అటు వెళ్లే పని పడితే ట్రాఫిక్ ఉంటుందని దారి మార్చుకునేవాళ్లం, అంతే. ఆ ఏడాది మా అబ్బాయి పోరు పడలేక మిషిగన్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ సీజన్ టికెట్లు రెండు తీసుకున్నాను. మరుసటి ఏడాదీ వదల్లేదు. కొత్తగా తీసుకుందామా అని మనవాళ్లు అడుగుతుంటారు కాబట్టి నేను చూసింది చూసినట్టు చెబుతున్నాను.

మొదటి నెల నిరాశే. ఈస్ట్ కరోలినా మీద 30-3, యూఎన్ఎల్‌వీ మీద 35-7, బౌలింగ్ గ్రీన్ మీద 31-6. ఇంత తేడా ఉన్న జట్లతో ఆడితే చూడటానికి ఏముంటుంది? గేమ్ మూడున్నర గంటలు, అందులో టీవీ ప్రకటనల కోసం ఆపేసే సమయమే బోలెడు. డబ్బు దండగ చేశానేమో అనుకున్నాను. రెండో గేమ్‌లో అనుకుంటా, మా వాడు నా మోచెయ్యి పట్టుకుని, "నాన్నా, బంతిని చూడకు, ముందు వరసలో ఆ ఐదుగురిని చూడు" అన్నాడు.

అప్పటినుంచి ఆట వేరేగా కనబడింది. ఆ ఐదుగురిలో ఒక్కొక్కడు దాదాపు నూట నలభై కిలోల మనిషి. బంతి కదిలిన క్షణంలో అందరూ ఒకే అడుగు వేస్తారు. కబడ్డీలో చేతులు పట్టుకుని చైన్ కట్టిన ఇద్దరు ఎలా కలిసి కదులుతారో, అలా. వాళ్లు తెరిచిన సందులోంచే బంతి పట్టుకుని పరుగెత్తే బ్లేక్ కోరమ్ దూరి పోతాడు. ఆ సీజన్‌లో అతను పరుగెత్తి చేసిన టచ్‌డౌన్లు (బంతిని అవతలి చివరి గీత దాటించడం) 27. పేరు అతనిది, దారి వాళ్లది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలి అన్న లెక్క ఒక్కటి తెలిస్తే చాలు, మిగతాది ఈ ఐదుగురే నేర్పిస్తారు.

అక్టోబర్ అంతా గెలుపులే. మిషిగన్ స్టేట్ మీద వాళ్ల ఊళ్లోనే 49-0. కానీ ఆ నెలలోనే, ప్రత్యర్థుల సైగలు ముందుగా తెలుసుకోవడానికి మన టీమ్ మనిషి వేరే జట్ల గేములకు మనుషుల్ని పంపించి వీడియోలు తీయించాడన్న గొడవ బయటికొచ్చింది. నవంబర్ 10న మిషిగన్ ఆడే కాన్ఫరెన్స్ (యూనివర్సిటీ జట్ల సమాఖ్య) వాళ్లు కోచ్ జిమ్ హార్బాని మూడు గేములకు పక్కన పెట్టారు. 2025లో కాలేజీ ఆటల పాలక సంస్థ ఎన్‌సీఏఏ భారీ జరిమానా కూడా వేసింది, గెలుపులు మాత్రం కొట్టేయలేదు. ఇది దాచి సమీక్ష రాయడం నాకిష్టం లేదు. ప్రేమించిన జట్టు మీద మచ్చ పడితే బాధగానే ఉంటుంది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఆ మూడింటిలో మొదటిదే పెన్ స్టేట్‌తో గేమ్. టీవీలో చూశాం. అసిస్టెంట్ కోచ్ షెరాన్ మూర్ బాధ్యత తీసుకుని, ఆట చివర్లో బంతి విసరడమే మానేయించి వరసగా 32 సార్లు పరుగే పెట్టించాడు. ఏం చేయబోతున్నారో స్టేడియమంతటికీ తెలుసు, అయినా ఆపలేకపోయారు. 24-15. గెలిచాక అతను టీవీలో ఏడుస్తుంటే మా ఆవిడ కూడా కళ్లు తుడుచుకుంది.

తర్వాతి శనివారం మేరీలాండ్ మీద 31-24, అది మిషిగన్‌కి వెయ్యో విజయం. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగ్గా పడుకోలేదు. తెల్లవారుజామున మూడున్నరకి అహ్మదాబాద్‌లో ప్రపంచకప్ ఫైనల్. వరసగా పది గెలిచిన ఇండియా ఆస్ట్రేలియా చేతిలో ఓడింది. ఒక్క ఓటమి లేకుండా వచ్చిన జట్టు ఆఖరి మెట్టు మీద జారడం చూశాక, నవంబర్ 25న అదే టెన్షన్ కడుపులో పెట్టుకుని ఒహైయో స్టేట్ గేమ్‌కి వెళ్లాను. అప్పట్లో జాతీయ టైటిల్ కోసం ఆడే ప్లేఆఫ్‌కి నాలుగు జట్లే. ఓడితే సీజన్ అక్కడితో అయిపోవచ్చు.

లక్షా పదివేల మందిమి. మూడో క్వార్టర్‌లో స్కోర్ 17-17 ఉండగా జాక్ జింటర్ కాలు విరిగింది. మా వాడు చూడమన్న ఆ ఐదుగురిలో ఒకడు, కెప్టెన్. బండి మీద తీసుకెళ్తుంటే అంత పెద్ద స్టేడియంలో నా పక్కవాడి ఊపిరి వినిపించింది. ఆట మళ్లీ మొదలైన మొదటి బంతికే కోరమ్ 22 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేసి, వేళ్లతో ఆరు, ఐదు చూపించాడు. జింటర్ జెర్సీ నంబర్ 65. నేను గొంతు పోయేలా అరిచాను, ముక్కూ మొహం తెలియని పెద్దాయన ఒకాయన నన్ను కౌగలించుకున్నాడు. 25 సెకన్లు ఉండగా వాళ్లు విసిరిన బంతిని మన రాడ్ మూర్ పట్టేశాడు. 30-24. జనమంతా మైదానంలోకి దూకారు. నేను కదల్లేదు, ఈ చోటు ఇంకాసేపు చూడనివ్వమన్నాను మా వాణ్ణి.

మిగతాది అందరికీ తెలిసిందే. కాన్ఫరెన్స్ ఫైనల్లో అయోవా మీద 26-0. జనవరి 1న ప్లేఆఫ్ సెమీఫైనల్ అయిన రోజ్ బౌల్‌లో అలబామా మీద ఓవర్‌టైమ్‌లో 27-20. వారం తర్వాత ఫైనల్, హ్యూస్టన్‌లో వాషింగ్టన్ మీద 34-13. ఆడిన పదిహేనూ గెలిచి 15-0, 1997 తర్వాత తొలి జాతీయ టైటిల్.

టికెట్ల సంగతి. ఏడు గేముల్లో మూడు చప్పగానే ఉంటాయి, ఆ మాట ముందే అనుకుని కొనండి. ఒహైయో స్టేట్ ఇక్కడికి వచ్చేది బేసి సంవత్సరాల్లోనే. మేం వెళ్లినప్పుడు బ్యాగులు లోపలికి రానివ్వలేదు. బెంచీలే కాబట్టి నవంబర్‌లో జాకెట్లతో ఇరుకు, కింద పరుచుకోవడానికి ఏదైనా పట్టుకెళ్లండి. ఓ ప్రైవేటు స్థలంలో కారు పెట్టి గంటన్నర బయటకు రాలేకపోయాను. అప్పటినుంచి దూరంగా ఆపి నడుస్తున్నాం, ఆ నడకలో మా వాడు నాతో మాట్లాడినంతగా ఇంట్లో ఎప్పుడూ మాట్లాడడు.

2024లో హార్బా వెళ్లిపోయాడు, టీమ్ ఎనిమిది గెలుపులు, ఐదు ఓటములతో ముగించింది. టెక్సస్ మా కళ్లముందే 31-12తో కొట్టింది. ఆ రోజు కూడా నేను చివరి వరకు ముందు వరసనే చూస్తూ కూర్చున్నాను.