పాలమూరు యాసలో కార్టూన్ తీయాలంటే క్రిటా సరిపోతదా?

బొమ్మలేసేది, గొంతిచ్చేది ఒక్కరే అయితే క్రిటా అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ బరాబర్ సరిపోతది. 'బీవిస్ అండ్ బట్‌హెడ్' కార్టూన్ తీసిన అమెరికా ఆయన మైక్ జడ్జ్ అట్లనే ఒక్కడే మొదలుపెట్టిండు. ఫిజిక్స్ చదివి, 1989లో బోలెక్స్ 16 ఎంఎం కెమెరా కొనుక్కొని, ఇంట్లనే కార్టూన్లు తీసి, పాత్రలకు తనే గొంతిచ్చిండు. 1993 కల్లా ఎంటీవీలో ఆయన సీరియల్ వచ్చేసింది. ఆ కెమెరా చేసిన పని ఇయ్యాల ఈ సాఫ్ట్‌వేర్ ఉచితంగ చేస్తది. స్టీమ్, మైక్రోసాఫ్ట్ స్టోర్లలో పైసలకు అమ్మేది గూడ ఇదే. సొంత సైట్ నుంచి దించుకుంటే రూపాయి పడదు.

ముందు మాటలు రికార్డు చేయాలె, తర్వాతనే బొమ్మ. క్రిటాలో ఆడియో వినొచ్చు గని కత్తిరించరాదు. ఆడాసిటీలో కోసి, వేవ్ ఫైలుగ తేవాలె. ఎండకాలం ఫ్యాన్ బంద్ చేయక తప్పదు. ఆ గుయ్యిమనే సప్పుడు తర్వాత తీసేస్తే గొంతు గూడ పలుచనైతది.

నోటికి వేరే లేయర్ (పొర) పెట్టి ఆరు ఆకారాలు గీస్తే చాలు: ప, బ, మలకు మూసినది, వకు కింది పెదవి పళ్లకు ఆనేది, ల, త అక్షరాలకు నాలుక కనిపించేది, ఆ, ఈ, ఊలకు తలా ఒకటి. మూసిన నోరు కనీసం 2 ఫ్రేములు నిలవాలె, సప్పుడు కంటె ఒక ఫ్రేము ముందు రావాలె. లేకుంటె జోకు పేలదు. క్రిటా 5.0 వెర్షన్ నుంచి వచ్చిన క్లోన్ కీఫ్రేములు ఇక్కడ పెద్ద ఆసరా: ఒక్క నోరు దిద్దితే అన్నిచోట్ల మారుతది.

అసలు ఇబ్బంది ర్యామ్. 1920×1080 సైజులో ఒక్కో ఫ్రేముకు దగ్గర దగ్గర 8 ఎంబీ. సెకనుకు 24 ఫ్రేములు, రెండేసి ఫ్రేములకు ఒక బొమ్మ చొప్పున నిమిషానికి 720 బొమ్మలు. నిమిషమంతా ఒకే ఫైలులో పెడితే 8 జీబీ సిస్టమ్ గూడ ఆగి ఆగి నడుస్తది. ఒక్కో షాట్‌కు ఒక్కో ఫైలు, 5 నుంచి 10 సెకన్లు. రెండరింగ్ (గీసినదాన్ని ఆఖరి ఫైలుగ తీసుడు) నేరుగ వీడియోకు కాకుండ పీఎన్‌జీ బొమ్మలుగ చేయాలె. నడుమ కరెంటు పోతే ఆగిన ఫ్రేము నుంచే మళ్ల మొదలుపెట్టొచ్చు.

బొమ్మకు ఎముకలు కట్టి ఆడించే సౌలత్ ఇందులో లేదు. అది కావాలంటే బ్లెండర్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ పట్టుకోవాలె, నేర్చుకునే టైము గూడ ఎక్కువనే. మౌస్‌తోని మాత్రం క్రిటా వద్దు, గీత సన్నం, లావు పలకదు. చిన్నదైనా పెన్ టాబ్లెట్ కొనాలె.