పాత తోటను తిరిగి తేవాలా, ఉన్నదాన్ని కాపాడాలా?

శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ పార్కులోని జపనీస్ టీ గార్డెన్ 1894 ఎగ్జిబిషన్ కోసం పుట్టింది. ఆ తర్వాత దాన్ని పెంచి పెద్ద చేసింది మకోతో హగివారా. ఆయన 1925లో చనిపోయాక కూడా కుటుంబం అక్కడే ఉండి తోటను చూసుకుంది. 1942లో, రెండో ప్రపంచ యుద్ధ సమయంలో, అమెరికా పశ్చిమ తీరంలోని జపాన్ మూలాలున్న వాళ్లతో పాటు ఆ కుటుంబాన్నీ నిర్బంధ శిబిరానికి పంపేశారు, ఇంటిని కూల్చేశారు.

ఈ తోట భవిష్యత్తుకు నాకు రెండు దారులు కనిపిస్తాయి. మొదటిది, 1942కు ముందున్న రూపాన్ని తిరిగి తేవడం: ఇల్లు మళ్లీ కట్టడం, తర్వాత చేర్చినవి తీసేయడం. జరిగిన అన్యాయానికి ఇది కంటికి కనిపించే జవాబు, అందుకే మనసు అటే లాగుతుంది. కానీ అప్పుడు నగావో సకురాయి 1953లో రూపొందించిన రాళ్ల తోట పోతుంది. అదే ఏడాది శాంతి గుర్తుగా వచ్చిన కంచు దీపం కూడా పోతుంది. పైగా కొత్తగా కట్టిన ఇల్లు వాళ్లు బతికిన ఇల్లు కాదు కదా.

రెండోది, అన్ని కాలాల గుర్తులనూ ఉంచి, చెక్క కట్టడాలు బాగుచేస్తూ, ముసలి చెట్ల పక్కన వాటి వారసుల్ని నాటుతూ పోవడం. దీనికి హంగు తక్కువ. జపనీస్ పద్ధతిలో కొమ్మలు కత్తిరించడం తెలిసిన తోటమాలులు కావాలి, ఏటా డబ్బు కావాలి. పైన్ చెట్టు ఒక్క సీజన్‌లో ఆకారానికి రాదు.

నా ఓటు రెండోదానికే, ఒక షరతు మీద. ఇల్లు ఉన్నచోట ఇప్పుడు పల్లపు తోట ఉంది. అక్కడ నిలబడిన ప్రతి ఒక్కరికీ ఇక్కడ ఒక కుటుంబం బతికిందని తెలియాలి.