నౌసికానా, మోనోనోకేనా? అడవి కథల్లో ఏది మేలు?

జపాన్ దర్శకుడు హయావో మియాజాకి తీసిన రెండు యానిమేషన్ సినిమాల్లో ఏది గొప్పదన్న వాదన హన్మకొండలో మా అనిమే (జపాన్ యానిమేషన్) అభిమానుల మధ్య ఎప్పటికీ తెగదు. ఒకటి 1984లో వచ్చిన ‘నౌసికా ఆఫ్ ది వ్యాలీ ఆఫ్ ది విండ్’, రెండోది 1997లో వచ్చిన ‘ప్రిన్సెస్ మోనోనోకే’. రెండింటిలోనూ అడవికీ మనిషికీ జరిగే యుద్ధమే కథ. రెండింటిలోనూ ఆ యుద్ధాన్ని ఆపాలని తపించే ఒక యువ పాత్ర ఉంది. రెండింటికీ జో హిసైషి సంగీతమే. అందుకే చాలామంది రెండోదాన్ని మొదటిదానికే ఎక్కువ హంగులు చేర్చి తీసిన రూపంగా చూస్తారు. నేను ఆ మాట ఒప్పుకోను. ఒకే ప్రశ్నకు ఒకే మనిషి పదమూడేళ్ల తేడాతో ఇచ్చిన, ఒకదానితో ఒకటి పొసగని రెండు జవాబులివి. ఒకవైపు అడవి, మరోవైపు బొగ్గు గనులు, గ్రానైట్ క్వారీలు చూస్తూ పెరిగిన ఉత్తర తెలంగాణ ప్రేక్షకుడికి ఈ రెండింటిలో ఏది ఎక్కువ చెబుతుందో ఇక్కడ తూచి చూస్తాను. ముగింపుల గురించి మాట్లాడకుండా ఈ పని కుదరదు కాబట్టి, ఇంకా చూడనివారు సినిమాలు చూశాక ఇది చదవడం మంచిది.

ముందుగా నౌసికా. మియాజాకి తన సహచరులతో పెట్టిన స్టూడియో జిబ్లీ 1985లో ఏర్పడింది కాబట్టి ఇది లెక్కకు జిబ్లీ సినిమా కాదు. ఇసావో తకహాతా నిర్మాతగా, టాప్‌క్రాఫ్ట్ అనే స్టూడియోలో తయారైంది. కథాకాలానికి వెయ్యేళ్ల ముందు పారిశ్రామిక నాగరికత ఏడు రోజుల అగ్నిలో కాలిపోయింది. మిగిలిన భూమిని విషపు గాలి వదిలే శిలీంధ్రాల అడవి ఆక్రమిస్తూ వస్తోంది. ఆ అడవికి కాపలాగా ఓములనే కొండంత పురుగులు తిరుగుతుంటాయి. మాస్కు లేకుండా అడుగుపెడితే ఊపిరితిత్తులు కుళ్లిపోతాయి. అడవిని తగలబెట్టి బతకాలని రాజ్యాలు చూస్తుంటే, గాలిలోయ రాకుమారి నౌసికా మాత్రం ఆ అడవిని అర్థం చేసుకోవాలని చూస్తుంది.

ఈ సినిమాలో నాకు అన్నిటికన్నా విలువైన సన్నివేశంలో యుద్ధం లేదు, ఎగరడం లేదు. కోట అడుగున నౌసికా రహస్యంగా పెంచుకున్న చిన్న తోట అది. విషపు అడవి నుంచి తెచ్చిన విత్తనాలను ఆమె లోతైన బావి నీళ్లు పోసి, శుభ్రమైన మట్టిలో పెంచుతుంది. ఆ మొక్కలు ఏ విషమూ వదలవు. తప్పు మొక్కలో లేదు, మనుషులు పాడుచేసిన నేలలో ఉందని ఆమెకు అక్కడే తెలుస్తుంది. ఆ తర్వాత అడవి అడుగుకు జారిపడినప్పుడు అక్కడ స్వచ్ఛమైన ఇసుక, నీరు, గాలి కనిపిస్తాయి. అంటే అడవి వెయ్యేళ్లుగా భూమిలోని విషాన్ని తనలోకి తీసుకుని వడగడుతోంది. ప్రయోగం చేసి, ఓపికగా గమనించి, తను కనిపెట్టినదాన్ని బట్టి రాజ్యాల రాజకీయాన్నే ప్రశ్నించే ఇలాంటి కథానాయిక 1984కు ముందు ఏ దేశపు యానిమేషన్‌లోనూ నాకు కనబడలేదు, ఆ తర్వాత కూడా అరుదుగానే కనబడింది. ఈ ఒక్క విషయంలో నౌసికాదే పైచేయి. మోనోనోకేలో సాన్‌కు ఆవేశం ఉంది, ధైర్యం ఉంది, తోడేళ్ల పెంపకం ఉంది. అయితే ఆమె లోపలి ఆలోచన మనకు అంతగా అందదు. సినిమా పేరు ఆమెది, కథ నడక మాత్రం అషితాకా అనే యువకుడిది.

ఇంత పటిష్ఠంగా కట్టిన కథ ముగింపుకు వచ్చేసరికి మెత్తబడిపోతుంది. దండుగా పరుగెత్తుకొస్తున్న ఓముల ముందు నౌసికా నిలబడి ప్రాణం వదులుతుంది. ఓములు తమ బంగారు స్పర్శతంతువులతో ఆమెను పైకెత్తి బతికిస్తాయి. నీలి దుస్తుల్లో బంగారు పొలం మీద నడిచే మహాపురుషుడు వస్తాడన్న పాత జోస్యం ఫలిస్తుంది. మొదట అనుకున్న ముగింపులో ఆమె మళ్లీ లేవడం లేదని, తకహాతా, తాను కలిసి ఈ మార్పు సూచించామని నిర్మాత తోషియో సుజుకి తర్వాత చెప్పారు. ఈ మతపరమైన ముగింపు మియాజాకికి కూడా పూర్తిగా నచ్చలేదు. చూస్తున్నంతసేపూ కళ్లు చెమర్చే మాట నిజమే, హిసైషి సంగీతం ఆ పని చేయించి తీరుతుంది. అయినా అద్భుతం జరిగి ఓములు వెనుదిరిగాయి కాబట్టి, అడవి పక్కన మనుషులు రేపటి నుంచి ఎలా బతకాలన్న ప్రశ్నకు సినిమా జవాబు చెప్పాల్సిన అవసరమే లేకుండా పోయింది.

మోనోనోకే ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది. మురొమాచి కాలం (14–16 శతాబ్దాలు) నాటి జపాన్‌లో, ఒళ్లంతా నల్లటి పురుగుల్లాంటి ద్వేషం పట్టిన ఒక అడవిపంది దేవత ఎమిషీ అనే తెగవారి ఊరి మీద పడుతుంది. అషితాకా దాన్ని చంపుతాడు, ఆ శాపం అతని చేతికి అంటుకుంటుంది. చనిపోతున్న దేవతకు ఊరి వృద్ధ పూజారిణి నేలకు వంగి మొక్కి, సమాధి కట్టించి పూజిస్తామని మాట ఇస్తుంది. ఆ పంది ఒంట్లో దొరికిన ఇనుప గుండు ఎక్కడిదో వెతుక్కుంటూ అషితాకా పడమటికి బయలుదేరతాడు. తనను చంపబోయిన దేవతకు మొక్కి సాగనంపే ఆ మర్యాద మన జాతరల నేల మీద పుట్టినవారికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆ గుండు తయారైన చోటు ఎబోషి నడిపే ఇనుము ఊరు. మామూలు సినిమా అయితే ఎబోషి రాక్షసి అయ్యేది. ఇనుపరజను కోసం కొండను తవ్విస్తుంది, బొగ్గు కోసం చెట్లు కొట్టిస్తుంది, అడ్డొచ్చిన దేవతలను తుపాకులతో కాలుస్తుంది. కానీ వేశ్యావాటికల్లో అమ్ముడుపోయిన ఆడవాళ్లను విడిపించి తెచ్చి పని ఇచ్చిందీ ఆమే. సమాజం వెలివేసిన కుష్ఠు రోగులను తన తోట పక్కనే ఉంచుకుని, వాళ్ల కుళ్లిన ఒళ్లు తన చేతులతో కడిగిందీ ఆమే. రాత్రిపూట అషితాకా కొలిమి శాలలోకి వెళ్లే సన్నివేశాన్ని చూడండి. పెద్ద కొలిమికి గాలి కొట్టే తిత్తుల పలక మీద ఆడవాళ్లు వరుసగా నిలబడి, పాటందుకుని, చెమటలు కక్కుతూ తొక్కుతుంటారు. అతను తానూ ఒక చోట నిలబడి తొక్కడం మొదలుపెడితే, ఈ ఊపు ఎంతసేపు నిలుస్తుందో చూద్దామని వాళ్లు నవ్వుకుంటారు. నాలుగు రోజులు ఆగకుండా తొక్కాల్సిన పని అది. అయినా బయట బతికిన బతుకు కన్నా ఇదే నయమని అంటారు. అడవిని చంపుతున్న కొలిమే వీళ్లకు అన్నం పెడుతోంది. ఈ రెండు నిజాలనూ మియాజాకి ఒకే గదిలో నిలబెట్టారు, ఒకదాన్ని చూపించి ఇంకొకదాన్ని కొట్టివేయలేదు.

అందుకే మన ప్రాంతం వారికి ఈ సినిమా ఎక్కువగా తాకుతుందని నా నమ్మకం. ఇనుము కథ మనకు కొత్తది కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కు కోసం ఇరాన్ వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవారని 19వ శతాబ్దపు రాతల్లో ఉంది. ఆ కొలుములకూ అడవి బొగ్గే కావలసి వచ్చింది. ఇక ఇప్పటి సంగతికి వస్తే, గోదావరిఖని, భూపాలపల్లి వైపు ఓపెన్‌కాస్టు గనుల దుమ్ము పీల్చే కుటుంబమే ఆ గని జీతంతో పిల్లలను చదివిస్తుంది. ఆ ఇంట్లో కూర్చుని ఎబోషిని తిట్టడం అంత తేలిక కాదు. నౌసికాలో యుద్ధం చేసే కుషానా కూడా క్రూరురాలిగా కనిపించి, పురుగుల వల్ల చేయి పోగొట్టుకున్న మనిషని తెలిశాక కొంత మెత్తబడుతుంది. ఎబోషి కూడా చివర్లో తోడేలు మోరో నోటికి చేయి పోగొట్టుకుంటుంది. మియాజాకి ఒకే పాత్రను రెండోసారి రాసుకున్నారనడానికి ఇది చాలదా? కుషానాకు సైన్యం ఉంది గానీ, ఆమెను నమ్ముకుని కడుపు నింపుకునే ఊరు లేదు. ఎబోషికి ఆ ఊరు ఉంది. రెండు సినిమాల మధ్య ఉన్న తేడా అంతా ఆ ఊరే.

మేడారం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కరువు కాలంలో కప్పం కట్టలేదని కాకతీయ సేన అడవి మీదికి వస్తే ఎదిరించి పోరాడిన తల్లీకూతుళ్ల కథ మనలో తెలియని పిల్లలుండరు. గాయపడిన సమ్మక్క చిలుకలగుట్ట వైపు వెళ్లి కనబడకుండా పోయిందని, వెతికినవారికి కుంకుమ భరిణె దొరికిందని ఐతిహ్యం. అక్కడ విగ్రహం లేదు, గద్దె ఉంది, వెదురు ఉంది, భరిణె ఉంది. రెండేళ్లకోసారి జరిగే జాతరలో కోయ పూజారులు సమ్మక్కను గుట్ట దింపి తెస్తున్నప్పుడు పోలీసు అధికారి గాలిలోకి తుపాకీ పేల్చి వందనం చేస్తాడు. రాజ్యం తుపాకీ ఇక్కడ అడవి తల్లికి వందనం చేస్తుంది, మోనోనోకేలో రాజ్యం కోసం పేలిన తుపాకీ అడవి దేవుడి తలను తెగ్గొడుతుంది. రెండూ మనసులో పెట్టుకుని చూస్తే షిషిగామి తల తెగే ఆ క్షణం మనకు ఎంత ఘోరంగా తగులుతుందో మాటల్లో పెట్టడం కష్టం.

ఆ తర్వాతి ముగింపును నౌసికా ముగింపుతో పోల్చండి. తల పోయిన దేవుడి ఒంటి నుంచి కారిన ద్రవం తగిలిన చోటల్లా అడవి చచ్చిపోతుంది. సాన్, అషితాకా తలను తిరిగి ఇచ్చేస్తారు. కొండలు మళ్లీ పచ్చబడతాయి. అద్భుతం ఇక్కడా ఉంది కదా అని వాదించే మిత్రులున్నారు. అయితే ఆ పచ్చదనం గడ్డి, చిన్న మొక్కలు. వేల ఏళ్ల ఆ మహారణ్యం తిరిగి రాలేదు, ఇది షిషిగామి అడవి కాదని సాన్ కూడా అంటుంది. అషితాకా మీద ప్రేమ ఉన్నా మనుషులను క్షమించలేనని చెప్పి ఆమె అడవిలోనే ఉండిపోతుంది. అతను ఇనుము ఊరిలో ఉండి పనిచేస్తూ ఆమెను చూడడానికి వస్తూ ఉంటానంటాడు. ఎబోషి ఈసారి మంచి ఊరు కడదామని తన వాళ్లతో అంటుంది. జోస్యం ఫలించలేదు, ఎవరూ దేవతగా మారలేదు, ఇనుము పని ఆగిపోతుందని కూడా ఎవరూ మాట ఇవ్వలేదు. పోడు భూముల దగ్గర అటవీ అధికారికీ రైతుకీ మధ్య గొడవ ఏటా మళ్లీ మళ్లీ ఎందుకు వస్తుందో తెలిసినవారికి ఈ ముగింపులోని నిజాయితీ వెంటనే పట్టుబడుతుంది.

పనితనం విషయంలో పోలిక మోనోనోకే వైపు మొగ్గడం సహజమే. దాదాపు 1,44,000 సెల్స్‌తో (బొమ్మలు గీసే పారదర్శక పలకలతో) తయారైన సినిమా అది, అందులో సుమారు 80,000 వరకు మియాజాకి స్వయంగా చూసి దిద్దారు. కంప్యూటర్‌తో చేసింది కొద్ది నిమిషాలే. జపాన్ అకాడమీ ఉత్తమ చిత్రం పురస్కారం అందుకున్న తొలి యానిమేషన్ సినిమా కూడా ఇదే. అలాగని నౌసికాను తక్కువ చేయను. ఓము ఒంటి మడతలు ఒకదాని మీదుగా ఒకటి జారుతూ కదలడానికి, విడివిడిగా గీసి కత్తిరించిన ముక్కలను రబ్బరుకు అతికించి సాగదీస్తూ చిత్రీకరించారు. అంత బరువైన జీవి నడుస్తోందన్న నమ్మకం ఆ పాత పద్ధతిలోంచే వచ్చింది. కరిగిపోతూ నిప్పులు కక్కే అగ్నిరాక్షసుడి దృశ్యాన్ని గీసింది అప్పటికి కుర్ర యానిమేటర్ అయిన హిదెయాకి అన్నో. ఆ కొద్ది క్షణాల్లోని బీభత్సం మోనోనోకేలో ఎక్కడా లేదు.

ఈ తూకంలో మూడో సినిమానూ పెట్టాలనేవారున్నారు. అది 1994లో తకహాతా తీసిన ‘పోమ్ పోకో’. టోక్యో పక్కన తామా న్యూటౌన్ కోసం కొండలను చదును చేస్తుంటే అక్కడి తనుకీలు, అంటే నక్కకుక్కలు, రూపాలు మార్చి మనుషులను బెదరగొట్టి ఆపాలని చూస్తాయి. అవి ప్రాణం పెట్టి చేసిన మాయా ఊరేగింపును ఒక వినోద పార్కు యజమాని తన ప్రచారమేనని చెప్పుకుంటాడు. గ్రానైట్ కోసం కరీంనగర్ చుట్టుపక్కల గుట్టలు మాయమవడం కళ్లారా చూసినవారికి ఇది బాగా దగ్గరి కథ, తప్పక చూడాలి. కాకపోతే ఇళ్లు కట్టుకునే మనుషుల వైపు కథ ఇందులో దాదాపు లేదు, అందుకే దీన్ని మూడో స్థానంలో ఉంచుతాను.

చివరికి నా తీర్పు మోనోనోకే వైపే. ఇంట్లో పది, పన్నెండేళ్ల పిల్లలతో కలిసి చూసేవారికి మాత్రం నౌసికా మేలు. మోనోనోకేలో చేతులు, తలలు తెగిపడడం పిల్లలు తట్టుకోలేరు. పెద్దవారు తమకోసం చూసుకునేటప్పుడు మోనోనోకే ముందు, నౌసికా తర్వాత చూడాలని నా సలహా. ఆ వరుస తిరగేస్తే, రెండోదానిలో కూడా ఎవరో వచ్చి అందరినీ కాపాడతారని ఎదురుచూసి నిరాశపడతారు. ఆ రెండూ అయ్యాక మియాజాకి 1982 నుంచి 1994 వరకు స్వయంగా గీసిన ఏడు సంపుటాల నౌసికా మాంగా (జపాన్ బొమ్మల కథ) చదవాలి. సినిమా తీసేనాటికి అందులో తొలి భాగమే పూర్తయింది. విషపు అడవి కూడా పాత మనుషులు ప్రణాళిక వేసి తయారుచేసిందేనని, అది శుభ్రం చేసిన గాలిలో ఇప్పటి మనుషులు బతకలేరని తర్వాతి సంపుటాల్లో తేలుతుంది. సినిమాలో జోస్యం ఫలింపజేసిన నౌసికా, మాంగాలో తన జాతికి రాసిపెట్టిన భవిష్యత్తును తన చేతులతోనే కూలదోస్తుంది. ఆ చివరి పుటలు గీసిన మూడేళ్లకు మోనోనోకే విడుదలైంది. నౌసికా సినిమా నుంచి మోనోనోకే వరకు మియాజాకి ఆలోచన ఏ దారిన నడిచిందో ఆ ఏడు సంపుటాల్లో పుట పుటకూ కనిపిస్తుంది.