మందు స్టెంటా, మామూలు స్టెంటా?

గుండె నాళం పూడి పర్లాకిమిడి, గుణుపూర్‌ల నుంచి విశాఖ వెళ్లేవాళ్లు తరచూ అడిగేదే ఇది. స్టెంట్ అంటే పూడిన నాళాన్ని తెరిచి ఉంచే జాలీ గొట్టం. మామూలుది ఒట్టి లోహపు జాలీ. దాని మీద కండ పెరిగి, నూటికి 20–30 మందికి నెలల్లోనే నాళం మళ్లీ ఇరుకవుతుంది. మందు స్టెంట్ పూతలోంచి సిరోలిమస్ లాంటి మందు మెల్లగా ఊరి ఆ పెరుగుదలను అణచేస్తుంది. దీంతో మళ్లీ ఇరుకయ్యే ముప్పు నూటికి 10 మంది లోపే. 2017 ఫిబ్రవరిలో కేంద్రం కట్టిన గరిష్ఠ ధరలు మామూలుదానికి 7,260, మందు స్టెంట్‌కు 29,600 రూపాయలు, పన్నులు కాక. ఆ తేడా చూసి మామూలుది ఎంచుకోవడం దండగ.

అసలు చిక్కు మాత్రలతోనే. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్‌కు తోడు క్లోపిడోగ్రెల్ మాత్ర మామూలుదానికి కనీసం నెల, మందు స్టెంట్‌కు సాధారణంగా 6 నెలలు వాడాలి. గుండెపోటు వచ్చాక వేసినదైతే ఏ స్టెంటుకైనా ఏడాది. పన్ను పీకించుకోవాలనో, ఊళ్లో ఆ బ్రాండు లేదనో సొంతంగా ఆపితే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికొస్తుంది. చీటీలో బ్రాండుతోపాటు మందు పేరూ రాయించుకోండి.