తళుకు తీసే ఫిల్టర్‌ని తళుకు పెంచడానికి వాడుతున్నా: వానాకాలం అడవిలో సీపీఎల్

సీపీఎల్ అంటే సర్క్యులర్ పోలరైజర్, లెన్స్ ముందు బిగించి రింగ్ తిప్పుతూ వాడే ఫిల్టర్. దీని గురించి ఎవరినడిగినా ఒకటే మాట. ఆకుల మీద తళుకు తీసేస్తుంది, పచ్చదనం చిక్కగా వస్తుంది, కళ్లు మూసుకుని కొనెయ్. రంగు ఫొటోలకి అది నిజమే. నేను తీసేది బ్లాక్ అండ్ వైట్, అదీ ఎక్కువగా కర్ణాటకలోని ఆగుంబె అడవుల్లో, జోరువానలో. పచ్చదనంతో నాకు పనేముంది? అయినా కెమెరా సంచి బరువెక్కిందని ఏదైనా ఇంట్లో వదిలేయాల్సి వస్తే దీని జోలికి మాత్రం వెళ్లను. కాకపోతే కొన్నప్పుడు అనుకున్న కారణం వేరు, ఇప్పుడు దగ్గర పెట్టుకున్న కారణం వేరు.

సైజులు, కోటింగులు డబ్బా మీదే రాసుంటాయి కాబట్టి వదిలేస్తున్నా. బ్రాండ్ పేరు కూడా రాయను. ఖరీదైనది కాదు, మరీ చవకదీ కాదు.

వర్షారణ్యంలో బ్లాక్ అండ్ వైట్ ఎందుకు కష్టమో ముందు చెప్పాలి. అక్కడ ఫెర్న్, పేము తీగ, నాచు, మొక్కలు, చెట్లు అన్నీ పచ్చనే. కంటికి పాతిక రకాల పచ్చ కనిపిస్తుంది, రంగు తీసేశాక అంతా ఒకే గ్రే. వైజాగ్‌లో ఉండే మా ఫ్రెండ్ ఒకడు నా ఫొటోలు చూసి "మామా, ఇది అడవా, సిమెంటు గోడా?" అన్నాడు. ఫిల్మ్ రోజుల్లో వాడిన ఎరుపు, పసుపు, ఆకుపచ్చ ఫిల్టర్ల పని ఇప్పుడు కంప్యూటర్లో స్లైడర్ జరిపితే అయిపోతుంది. అయితే అవి రంగుని బట్టి విడదీస్తాయి, ఇక్కడ ఉన్నదే ఒక్క రంగు. నాగకేసరం ఎర్రగా చిగురు వేసినప్పుడు మాత్రం ఎరుపు స్లైడర్ పెంచితే ఆ చిగుళ్లు తెల్లగా వెలుగుతాయి, చూడముచ్చటగా ఉంటుంది. జులైలో ఆ అవకాశం లేదు.

వానలో ఒక ఆకుని ఇంకో ఆకు నుంచి వేరు చేసేది రంగు కాదు, ఏ ఆకు ఎటు తిరిగి ఉందన్నది. అది తెలిసేది తడి మీద పడే ఆకాశం వెలుగు వల్ల. ఆ తళుకుని తగ్గించాలన్నా పెంచాలన్నా ఫొటో తీసే క్షణంలోనే చేయాలి, తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ చేయలేదు. సీపీఎల్ మీద నా అభిమానమంతా ఈ ఒక్క పాయింట్ మీదే.

కొత్తలో నేనూ అందరిలాగే వాడాను. రింగ్ తిప్పితే తెల్లటి మెరుగు పోయి ఆకు ఈనెలతో సహా బయటపడుతుంది. వ్యూఫైండర్‌ని మోనోక్రోమ్‌లో పెట్టుకుని అది చూస్తుంటే మజా వేరు. తెలిసినవాళ్లందరికీ కొనమని చెప్పాను కూడా. అప్పటి ప్రింట్లు ఇంకా మా హాల్లో ఉన్నాయి, దగ్గరికెళ్లి చూస్తే వివరం అద్భుతంగా ఉంటుంది. సోఫాలో కూర్చుని చూస్తే మాత్రం చెట్టు బెరడు ఎక్కడ ఆగిందో ఆకు ఎక్కడ మొదలైందో వెతుక్కోవాలి.

ఒక వానాకాలం ఆగుంబెలోనే ఈ ఫిల్టర్ రింగ్ పట్టేసింది. చినుకుల్లో తుడుస్తూ తిప్పుతూ ఉంటే సన్నటి మట్టి లోపలికి దూరినట్టుంది. పొద్దున్నే, రోజంతా ముందుండగా. గట్టిగా పట్టుకుని తిప్పితే ఇంకా బిగుసుకుంది. రింగ్ సన్నం కదా, రెండు వేళ్లతో నొక్కితే కాస్త కోలగా వంగి మరింత పట్టేస్తుంది. లెన్స్ నుంచి విప్పుదామన్నా రాలేదు, అల్యూమినియం మర అల్యూమినియం మరలో కూరుకుపోయింది. అదీ సరిగ్గా తళుకు మొత్తం చచ్చిపోయే స్థానంలో. కాళ్లకి జలగలు, చేతిలో తిరగని ఫిల్టర్, తిట్టుకుంటూ నడిచాను.

తీసిన ఫొటోలన్నీ బురదే. చివరికి ఒక పొడవాటి చెట్టు కోసం కెమెరాని నిలువుగా తిప్పి ట్రైపాడ్‌కి బిగించాను. ఒక్కసారిగా వ్యూఫైండర్ నిండా ఆకులు వెండిలా లేచాయి. రింగ్ తిరగకపోయినా కెమెరాతో పాటు ఫిల్టర్ తొంభై డిగ్రీలు తిరిగింది, అంతే. కానీ ఆ తళుకు ఫిల్టర్ లేకుండా కంటికి కనిపించేదానికంటే ఎక్కువగా ఉంది. పేము ఆకులు ఒక్కొక్కటీ కత్తిరించి పెట్టినట్టు వేరుగా, వెనక కాండాలు నల్లగా. ఇక సాయంత్రం దాకా అన్నీ నిలువు ఫొటోలే తీశాను.

ఇందులో మాయేం లేదు. తడి మీద నుంచి తిరిగొచ్చే వెలుగు చాలావరకు ఒకే దిశలో కంపిస్తుంది. నీటికైతే ఉపరితలానికి లంబంగా గీసిన గీత నుంచి 53 డిగ్రీల దగ్గర ఇది అత్యధికం. ఆకు లోపలి నుంచి వచ్చే మామూలు వెలుగు అన్ని దిశల్లోనూ ఉంటుంది. ఫిల్టర్‌ని ఆ కంపించే దిశకి అడ్డుపడేలా తిప్పితే తళుకు ఆగిపోతుంది. ఆ దిశకి అనుకూలంగా పెడితే తళుకు దాదాపు మొత్తం లోపలికొస్తుంది, మామూలు వెలుగు మాత్రం సగం కోతపడుతుంది. అంటే కాంట్రాస్ట్ పెరిగినట్టే. రంగు ఫొటోలో ఇలా చేస్తే ఆకులు పాలిపోయినట్టుంటాయి కాబట్టి ఎవరూ అటు తిప్పరు. మనకి రంగుతో గొడవ లేదు.

ఆ రాత్రి హోమ్‌స్టేలో నేను టవల్‌తో కుస్తీ పడుతుంటే ఆ ఇంటి అజ్జి (కన్నడంలో అవ్వ) డబ్బా మూతలు తీయడానికి వాడే సైకిల్ ట్యూబు ముక్క తెచ్చిచ్చింది. అంచు చుట్టూ చుట్టి మెల్లగా తిప్పితే ఫిల్టర్ ఊడి చేతిలోకొచ్చింది. ఆ ముక్క ఇప్పుడు నా సంచిలో ఉంది, ఆవిడ అడిగినా ఇవ్వను.

ఇప్పుడు సగానికి సగం ఫొటోలు ఆ 'తప్పు' వైపు తిప్పే తీస్తున్నా. మిగతావాటిలో నాచు పట్టిన రాళ్లు, పారే నీళ్లు ఉంటే పాత పద్ధతే మేలు, నీటి మీద తెల్లటి పొర పోయి అడుగున రాయి నల్లగా కనిపిస్తుంది. ఎటు తిప్పినా ఒకటిన్నర స్టాపు వెలుగు, అంటే దాదాపు మూడింట రెండు వంతులు, మింగేస్తుందని మర్చిపోవద్దు. దట్టమైన వర్షారణ్యంలో నేల దాకా చేరేదే ఒకటి రెండు శాతం. సెకనులో ఎనిమిదో వంతు షట్టర్ మూడో వంతుకి దిగుతుంది, గాలి వీస్తే ఆకులు అలుక్కుపోతాయి. చేత్తో పట్టుకుని తీసేవాళ్లకి ఇది నరకం.

ఇన్నేళ్ల వాడకంలో అంచు దగ్గర గాజు పలకల మధ్య పొర లేస్తోంది, చెమ్మ దూరినట్టుంది. ఆ మూల కాస్త మసక. అద్దానికి కొద్దిగా పసుపు ఛాయ కూడా ఉంది, బ్లాక్ అండ్ వైట్‌లో అది లెక్కలోకి రాదు, కాబట్టి రంగు శుద్ధత కోసం రెట్టింపు డబ్బు పెట్టాల్సిన అవసరం నాకు లేదు. పెళ్లిళ్లు కూడా తీసేవాళ్ల లెక్క వేరు.

నాకు వానాకాలంలో సెలవులు దొరుకుతాయి, ట్రైపాడ్ మోసే ఓపికుంది, అందుకని బాగా కుదిరింది. ఎండాకాలం మారేడుమిల్లి ఘాట్ రోడ్డు పక్కన ఇదే ఫిల్టర్ దుమ్ము పట్టిన ఆకుల మీద ఎటు తిప్పినా పెద్ద తేడా చూపించలేదు. మీరు ఎండల్లోనే వెళ్లేట్టయితే ఆ డబ్బు మంచి ట్రైపాడ్ మీద పెట్టండి. వానలో వెళ్తానంటే మాత్రం ఇత్తడి రింగ్ ఉన్నది వెతకండి, అల్యూమినియంలా అంత త్వరగా పట్టేయదంటారు. నేనింకా మార్చలేదు, ధర చూసి ఆగాను.