బంప్ ట్రిగ్గరా, సీక్వెన్షియల్ ట్రిగ్గరా? గాలి నెయిల్ గన్‌లో ఏది మేలు

కొత్తగా వర్క్‌షాపు పెట్టుకునే కుర్రాళ్లూ, ఇంట్లో పని సొంతంగా చేసుకుందామనుకునేవాళ్లూ ఈ మధ్య నన్ను తరచుగా అడుగుతున్న మాట ఒకటే: "అన్నా, నెయిల్ గన్ (గాలి ఒత్తిడితో చెక్కలోకి మేకులు దింపే గన్) ఏది కొనాలి?" కొందరు కంపెనీ పేరు చెప్పమంటారు, కొందరు ఎఫ్30 చాలా, ఎఫ్50 కావాలా అంటారు. దానికి జవాబు కష్టం కాదు. బీడింగ్, సన్న మోల్డింగ్, కబోర్డుల వెనక ప్లై లాంటి వాటికి 30 మిల్లీమీటర్ల మేకు దింపే ఎఫ్30 సరిపోతుంది. 18 ఎంఎం ప్లైని ప్లైకి కలపాలంటే ఎఫ్50 తీసుకోండి. ట్రిగ్గర్ ఏ రకం అని మాత్రం ఎవరూ అడగరు. నా లెక్కలో ముందు చూడాల్సింది అదే. పోయిన నెల మా షాపుకు రెండు కొత్త గన్లు కొన్నప్పుడు నేను పెట్టెలోంచి తీసి మొదట పరీక్షించింది ట్రిగ్గర్‌నే.

బంప్ గన్‌లో ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని ముక్కును, అంటే మేకు బయటికొచ్చే కొనను, చెక్కకు తాటిస్తూ పోతే చాలు, తాకిన ప్రతిసారీ ఒక మేకు దిగుతుంది. ఫుల్ సీక్వెన్షియల్ గన్‌లో ముందు ముక్కు ఆనించాలి, ఆ తర్వాతే ట్రిగ్గర్ నొక్కాలి. ఇంకో మేకు కావాలంటే రెండూ వదిలేసి మళ్లీ అదే వరుసలో చేయాలి. వరుస తప్పితే మేకు రాదు.

బంప్‌కు దాని చోటు ఉంది, కాదనను. ప్యాలెట్లు, ప్యాకింగ్ పెట్టెలు చేసే షెడ్లలో ఒకే మందం రీపర్లు బల్ల మీద పరిచి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మేకులు కొడుతూనే ఉంటారు. మనిషి నేల మీద నిలబడి ఉంటాడు, రెండో చేయి దరిదాపుల్లో ఉండదు. అక్కడ ప్రతి మేకుకూ వేలు తీసి పెట్టడం నిజంగానే అలసట. సీక్వెన్షియల్ వాడమంటే వాళ్లు విసుక్కుంటే నేను తప్పు పట్టను.

కానీ ఇళ్ల ఇంటీరియర్ పని అలా ఉండదు. ఎడమ చేత్తో సన్న బీడింగ్ పట్టుకుని కుడి చేత్తో కొడతాం. సగం పని స్టూలు మీద, లేదంటే అలమర లోపల ఒంగి చేయాలి. గన్ మేకు దింపగానే వెనక్కి తంతుంది. చేయి ఇరుకులో ఉన్నా, కొత్త కుర్రాడు భయంతో గట్టిగా అదిమినా, వేలు ట్రిగ్గర్ మీదనుంచి లేచేలోపే ముక్కు మళ్లీ చెక్కకు తగులుతుంది. బంప్‌లో అయితే అప్పుడు రెండో మేకు వచ్చేస్తుంది. మొదటి మేకు తల మీద పడి పక్కకు మళ్లినా, బీడింగ్ అంచు దాటి బయటికొచ్చినా అది వెళ్లేది ఎడమ చేతి వైపే.

మా దగ్గర జరిగింది ఇంకో రకం. ఒక ఫ్లాట్‌లో పని చేస్తున్న మా హెల్పర్, ట్రిగ్గర్ నొక్కిన వేలు అలాగే ఉంచి స్టూలు దిగాడు. గన్ ముక్కు అతని తొడకు తగిలింది. 30 ఎంఎం మేకు ప్యాంటు గుడ్డతో సహా పూర్తిగా లోపలికి పోయింది. రక్తం చుక్కే వచ్చింది, అందుకే పక్కనున్నవాళ్లు కటింగ్ ప్లేయర్‌తో లాగేద్దామన్నారు. నేను వద్దని ఆసుపత్రికి తీసుకెళ్లాను. మేకుల పట్టీకి ఉండే గమ్ము, గుడ్డ పీలికలు లోపల ఉండిపోతే చీము పడుతుంది. ఎముకకు తగిలిందా అన్నది ఎక్స్‌రే తీస్తే గానీ తెలియదు. కుర్రాడు కోలుకున్నాడు. ఆ బంప్ గన్ కొనిచ్చింది నేనే కాబట్టి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సీక్వెన్షియల్ అయి ఉంటే, ట్రిగ్గర్ ముందే నొక్కి ఉంది కాబట్టి తొడకు తగిలినా మేకు వచ్చేది కాదు.

బంప్ లేకపోతే పని నెమ్మదిస్తుందన్నది నాకు ఎప్పుడూ ఎదురయ్యే వాదన. అమెరికా ప్రభుత్వ సంస్థలు ఓషా, నియోష్ కలిసి 2011లో తెచ్చిన నెయిల్ గన్ భద్రత గైడులో దీనికి లెక్క ఉంది. అనుభవమున్న 10 మంది వడ్రంగుల చేత ఒకే కొలతల చిన్న కట్టడాలు రెండేసి కట్టించారు, ఒకటి బంప్‌తో, ఇంకోటి సీక్వెన్షియల్‌తో. మేకులు కొట్టే సమయం బంప్‌తో సగటున 10 శాతం తగ్గింది. కొలతలు, కోతలు కలిపిన మొత్తం సమయంలో ఆ తేడా 1 శాతం కూడా లేదు. గాయపడే ప్రమాదం మాత్రం బంప్‌తో రెట్టింపు అని అదే గైడు చెబుతోంది. వార్డ్‌రోబ్ పనిలో మేకు కొట్టే సమయం ఎంతో మీరే ఆలోచించండి. కొలవడం, కోయడం, గమ్ము రాయడం, మూలమట్టం చూడడం, వీటికే రోజంతా పోతుంది.

ఏ ట్రిగ్గర్ కొన్నా గాలి కనెక్షన్ దగ్గర ఒక తప్పు చాలాచోట్ల చూస్తున్నాను. గన్‌కు లోపలికి దూరే మేల్ ప్లగ్, పైపుకు దాన్ని పట్టుకునే ఫిమేల్ కప్లర్ ఉండాలి. తిరగేసి బిగిస్తే పైపు ఊడదీశాక కూడా గన్‌లో గాలి నిలిచి ఉంటుంది. గాలి లేదనుకుని ఇరుక్కున్న మేకు తీయబోతే అది దూసుకొస్తుంది. ప్రెషర్ గన్ మీద రాసిన గరిష్ఠం దాటకూడదు. ఎఫ్30కి నేను 70 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత)తో మొదలుపెట్టి, తుక్కు ముక్క మీద కొట్టి చూసి, మేకు తల పైకి ఉంటే ఐదేసి చొప్పున పెంచుతాను. ఎక్కువ గాలి పెడితే తన్నుడూ ఎక్కువే. ఇక ఆక్సిజన్ సిలిండర్ పక్కనే ఉందని దానికి తగిలించే ఆలోచన ఎప్పుడూ చేయకండి, గన్ బాంబులా పేలుతుంది. కళ్లద్దాలు సరే, ఎడమ చేతిని మేకు చోటికి 12 అంగుళాల దూరంలో ఉంచండి. బీడింగ్ పొట్టిదైతే చేత్తో పట్టుకోకుండా క్లాంప్ వేయండి.

మిగతా రకాలు: ముక్కు ఆనించాల్సిన సేఫ్టీయే లేకుండా ట్రిగ్గర్ నొక్కితే చాలు కొట్టే చవక గన్లు వద్దు. బ్యాటరీ గన్‌కు పైపు గొడవ ఉండదు, ఖరీదు, బరువు ఎక్కువ. రెండు పద్ధతులకూ మార్చుకునే స్విచ్ ఉన్నది దొరికితే తీసుకోవచ్చు గానీ, చేతులు మారిన ప్రతిసారీ స్విచ్ ఎటుందో చూసుకోవాలి.

దుకాణంలో అమ్మేవాళ్లు చాలామంది ట్రిగ్గర్ రకం చెప్పలేరు, మీరే చూసుకోవచ్చు. కళ్లద్దాలు పెట్టుకుని, క్లాంప్ వేసిన మందపాటి తుక్కు చెక్క మీద ముందు ట్రిగ్గర్ నొక్కి పట్టి తర్వాత ముక్కు ఆనించండి. మేకు దిగితే అది సీక్వెన్షియల్ కాదు, బంప్ లెక్కే. దిగకపోతే రెండూ వదిలి, ముక్కు ఆనించి ఒక మేకు కొట్టండి. ముక్కు ఎత్తకుండా ట్రిగ్గర్ ఒక్కటే వదిలి మళ్లీ నొక్కండి. ఈసారీ మేకు దిగితే సింగిల్ సీక్వెన్షియల్, బీడింగ్ పనికి నేను ఒప్పుకుంటాను. దిగకపోతే అది ఫుల్ సీక్వెన్షియల్, మా షాపులో ఇప్పుడు వాడుతున్న రెండూ అవే. పాత బంప్ గన్‌కు కంపెనీ సీక్వెన్షియల్ ట్రిగ్గర్ కిట్ అమ్ముతోందని తెలిసి తెప్పించాను. అది బిగించేదాకా ఆ గన్‌ను ఎవరికీ ఇవ్వకుండా నా అలమరలో తాళం వేసి ఉంచాను.